సాళ్లు తప్పిన ఫోను

నేను నూజివీడులో ఒక స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెబుతాను. పాత ఫోనులోంచి కొత్త ఫోనులోకి యాప్‌లు మార్చడం ఒకరు నాకు నేర్పాల్సిన పనేమీ లేదని నా ధీమా. ఆ ధీమాతోనే కిందటి వేసవిలో మా అమ్మ కొంప ముంచబోయాను.

అమ్మ ఆగిరిపల్లి దగ్గర మామిడి తోట కౌలుకు చేస్తుంది. కోతలు మొదలైన వారంలోనే ఆమె ఫోను బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పైకి లేచింది. "పేలేదాకా వాడతావా ఏంటి?" అని కేకలేసి కొత్తది కొనుక్కొచ్చాను. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి వైరు తగిలించాను. పాతదాంట్లో ఉన్న యాప్‌లన్నీ జాబితాగా వచ్చాయి, ఒక్కోదాని పక్కన ఒక టిక్కు. లెక్కపెడితే నలభై ఒకటి! నాకు నవ్వొచ్చింది. సంతకం తప్ప అక్షరం రాని మనిషికి ఇన్నెందుకు? పోనీలే పాపమని ఒక్కటీ వదలకుండా పంపించాను. ఫొటోలూ నంబర్లూ కూడా చక్కగా వచ్చేశాయి. కంపెనీలు వేరు కాబట్టి తెర మీద యాప్‌ల వరస మాత్రం రాలేదు. దాన్ని నేను లెక్కచేయలేదు. పైగా నా తెలివంతా చూపించాను. బ్యాంకువి ఒక ఫోల్డర్లో, వీడియోలవి ఒక ఫోల్డర్లో సర్ది, అన్నిటికీ తెలుగులో పేర్లు పెట్టాను. పాత ఫోను మొత్తం తుడిచేసి, ఆ మధ్యాహ్నమే షాపువాళ్లకు ఇచ్చేసి వచ్చాను.

సాయంత్రం అమ్మ తోట నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఫోను చేతిలోకి తీసుకుంది. ఒకసారి పక్కకి తోసింది, ఒకసారి కిందికి తోసింది. బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఇదేంటే, ఇది నాది కాదుగా?"

"నీదేనమ్మా. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తగ్గితే అడుగు."

"మరి వానది ఏదీ?"

గాలివాన ఎప్పుడొస్తుందో చూపించే యాప్ అది. రోజూ అది చూశాకే మర్నాడు కోతకు మనుషుల్ని పిలుస్తుంది.

"అదిగో, 'వాతావరణం' అని రాశాగా," అన్నాను. అన్నాక నాలుక్కరుచుకున్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. ఫోను మంచం మీద పెట్టేసింది. "నాకెందుకులేవే ఇది. రేపు కోతో కాదో ఇకనుంచీ నువ్వే చూసి చెబుదువుగాని."

నా ప్రాణం చివుక్కుమంది. నాన్న పోయిన కొత్తలో ఫోనులో ప్రతి చిన్న పనికీ ఆమె ఎవరో ఒకర్ని బతిమాలుకునేది. "కాస్త ఇది చూసిపెట్టండి" అంటూ పక్క తోటల వాళ్ల గుమ్మాల్లో నిలబడేది. ఎప్పుడు నేర్చుకుందో, ఎలా నేర్చుకుందో ఏమోగాని, కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఇప్పుడు మళ్లీ ఆ గుమ్మాల్లోకి నేనే తోశాను.

"పాత ఫోనుంటే చూసి అలాగే సర్దేదాన్నమ్మా. బుద్ధి గడ్డి తిని తుడిచేశాను," అన్నాను.

"చూడ్డమెందుకు? కూర్చో, చెప్తా."

కళ్లు మూసుకుంది.

"మొదటి పేజీ. పై సాలు. ఎడమ చివర పచ్చది, లోపల ఫోను బొమ్మ. దాని పక్కన తెల్లది, అంచు ఊదా. ఆ పక్కన రెండు ఖాళీ."

సాలు! చెట్ల వరసను సాలంటాం మేము. పూత మీద తోట బేరమాడేటప్పుడు అమ్మ సాళ్ల వెంట ఒక్కసారి నడుస్తుంది, అంతే. కాగితం ముట్టదు. నెల పోయాక అడిగినా నాలుగో సాలులో ఆరో చెట్టు చిన్నరసమనీ, దాని తూర్పు కొమ్మ ఎండిందనీ చెబుతుంది. ఫోనులోనూ ఆమె అలాగే నడిచింది. పేర్లతో ఆమెకు పనే లేదు.

"రెండో సాలు. మూడోది నీలం, మబ్బు బొమ్మ. అదే వానది. దానికి ఆనుకుని ఏమీ పెట్టకు."

"ఎందుకమ్మా?"

"కోతప్పుడు వేళ్లకి సొన అంటుకుని ఉంటుందిగా. జారి పక్కదాని మీద పడకూడదు."

ఆమె చెబుతూ పోయింది, నేను ఫోల్డర్లు విప్పి పెడుతూ పోయాను. మూడో పేజీలో ఒక ఎర్రదాని దగ్గర ఆగాను. "ఇది దేనికమ్మా?"

"నాకేం తెలుసు? దాంతోనే వచ్చింది. తీసెయ్యకు, అది నాకు గట్టు రాయి. అక్కణ్ణించి కుడికి బ్యాంకువి."

నలభై ఒకటీ చెప్పింది. ఒక్కటి తప్పలేదు, ఒక్కటి రెండుసార్లు రాలేదు. చూద్దామని నేనూ కళ్లు మూసుకుని నా ఫోను తల్చుకున్నాను. నాలుగేళ్లుగా వాడుతున్న ఫోను, ఏడో యాప్ దగ్గరే చతికిలబడ్డాను! ఈ తల్లినా నేను చదువు రాదని ఎన్నోసార్లు నలుగురిలో ఎగతాళి చేసింది? సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని ఊరుకున్నాను.

తెర మీది వరస కదలకుండా బిగించే వీలు సెట్టింగుల్లో ఉంది. బిగించి ఫోను ఆమె ముందు పట్టాను.

"ఇంక వేలు తగిలినా ఇవి కదలవమ్మా."

ఆమె చెయ్యి చాపలేదు. "వేలి సంగతి కాదే. నీ సంగతి చెప్పు."

"జన్మలో ముట్టుకోను."

అప్పుడు తీసుకుంది. తెర వైపు చూడనైనా లేదు. నా మొహంలోకే చూస్తూ మబ్బు బొమ్మ నొక్కింది.