కాలువ చివరి ఊరి కోసం

మా తమ్ముడు మొన్న మంగళవారం తెల్లవారుజామున నల్లపాడులో తన ఇంట్లోనే పోయాడు. ఫోనులో మరదలు "వదినా" అని ఆగిపోయింది. ఇక అడగవలసింది ఏమీ లేకపోయింది.

వాడు సాగునీటి శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. జీపు ఉన్నా దిగి కాలువ గట్టున నడిచేవాడు. ఆ మట్టికాళ్ళతో వస్తే గుమ్మంలోనే ఆపి కడుక్కోమనేదాన్ని. "అర చెంబు చాలక్కా" అనేవాడు. నీళ్ళ దగ్గరే వాడి పిసినారితనం, అన్నం దగ్గర కాదు.

వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో ఒకసారి జలాశయం అడుగంటింది. పంటలకు నీళ్ళివ్వలేమనీ, మంచినీళ్ళ చెరువులు నింపడానికే కాలువ వదులుతామనీ చెప్పారు. కాలువ చివరనున్న ప్రకాశం జిల్లా ఊళ్ళ చెరువులు ముందు నిండాలి. అందుకని పై తూములన్నిటికీ తాళాలు వేశారు. మా మిరప చేను ఆ కాలువ పక్కనే. పూత మీద ఉంది. పారే నీళ్ళను చూస్తూ కూర్చోలేక మా ఆయన ఆయిల్ ఇంజను పెట్టి, పైపు కాలువలో వేశారు. నేను అన్నం క్యారేజీతో చేలోనే ఉన్నాను. తమ్ముడు పోలీసులతో గస్తీకి వచ్చాడు.

"ఏవయ్యా, బావమరిదివా, జప్తుకొచ్చిన అమీనువా?" అన్నారు మా ఆయన.

"ఇవాళ్టికి అమీన్నే బావా. ఇంజను ఆపండి."

"ఒక్క తడయ్యా! పూత రాలిపోతోంది. ఒక్క తడికే నీ కాలువ ఎండిపోద్దా?"

"ఎండిపోద్ది బావా. అందరూ అడిగేది ఒక్క తడే."

"మీ అక్క మొహం చూసైనా..."

వాడు నావైపు చూడలేదు. ఇంజను ట్రాక్టరెక్కించి పట్టుకుపోయాడు.

చివరి ఊరి చెరువుకు నీళ్ళు చేరాయి. మా చేను ఎండిపోయింది. వాడు చేసింది సబబే. మేము నష్టపోయిందీ నిజమే. ఒకటి చూపించి రెండోది కొట్టేయడం నాకు చేతకాదు.

మా ఆయన వాడితో మాట మానేశారు. వాడు రావడం మానలేదు. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటే, "వాన కబురేమన్నా రాశారేమో బావనడుగక్కా" అనేవాడు. ఆ ఒక్కరోజు చూడనట్టు పోలేకపోయావా అని ఒకసారి అడిగాను. "పై ఊరివాళ్ళకు కాలువ కనిపిస్తుందక్కా. కిందివాళ్ళకు నీళ్ళొస్తున్నాయన్న కబురే వినిపిస్తుంది" అన్నాడు.

మంగళవారం నాకంటే ముందు మా ఆయనే ఆటో ఎక్కారు. అక్కడ మరదలి చేతిలోని తులసి నీళ్ళ గ్లాసు తీసుకుని, వాడి తల దగ్గర కూర్చున్నారు.

"తాగవయ్యా" అన్నారు.

అన్నేళ్ళకు వాడితో అన్న మొదటి మాట అది. ఉద్ధరిణితో పోసిన నీళ్ళు లోపలికి పోలేదు. పెదవి మీంచి చెంపకు జారి చాప తడిసింది. ఆయన కండువాతో చెంప తుడిచి, మళ్ళీ పోశారు.