పీఠికగారి ముందుమాట

బైండింగ్ షాపులో ఆయన్ని అందరూ పీఠికగారనే పిలుస్తారు. మంచినీళ్లు కావాలన్నా ఎండల సంగతితో మొదలుపెట్టే మనిషి మరి. నీళ్లొచ్చి గ్లాసు చేతికందేసరికి ఆయన ఇంకా ఎండలోనే ఉంటాడు. పనితనం మాత్రం బంగారం. ఆయన కుట్టిన పుస్తకం ఊడిరావడం ఎవరూ చూడలేదు.

చెల్లెలు పక్కవాటాలోనే ఉంటుంది, చిన్నపిల్లల బడిలో టీచరు. పిల్లల కోసం తను కట్టిన పాటలన్నీ పుస్తకంగా వేస్తూ, ముందుమాట రాయమని అన్నగారిని అడిగింది. అడిగి కొరివితో తల గోక్కుంది.

ఏ పుస్తకానికైనా లోపలి పేజీలు ముందు అచ్చవుతాయి, మొదటి పేజీలు ఆఖర్న. ఆ వీలు చూసుకుని ఆయన చెల్లెలికి చూపించకుండానే రాసి, అచ్చు వేయించి, తనే కుట్టేశాడు. ఆశ్చర్యపరుద్దామని ఆయన సరదా. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. పాటల కంటే ముందుమాట లావుగా ఉంది. తాతల నాటి ముచ్చట్లు, అక్షరం పుట్టుక, తను బైండింగ్ నేర్చుకున్న వైనం, అన్నీ ఉన్నాయి. పాటల ఊసు చివరి పేరాలో తగిలింది.

"ఇది నా పుస్తకం కాదు, నీది. నువ్వే పంచిపెట్టుకో," అని కట్టలన్నీ తిప్పి పంపేసి, ఆమె మాట్లాడటం మానేసింది.

ఆయనకు ముద్ద దిగలేదు. చెల్లెలు పలకని ఇంట్లో ఎవరితో మాట్లాడినా రుచించలేదు. అలాంటి రోజుల్లో షాపుకి పాత పురాణగ్రంథమొకటి మరమ్మతుకొచ్చింది. కుట్లు విప్పుతూ మొదటి పేజీలు చదివాడు. ఎవరో వచ్చి అడుగుతున్నారు, ఇంకొకరు చెప్పడానికి కూర్చుంటున్నారు, అంతే, కథ మొదలైపోయింది. బల్ల మీదున్న నవలలు కూడా తిరగేశాడు. మంచి పీఠిక రాసినవాడు "రండి, లోపల ఫలానావాళ్లున్నారు" అని పక్కకు తప్పుకుంటున్నాడు. తనేమో గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

కట్టలన్నీ విప్పి తన పేజీలు ఊడదీశాడు. కొత్తగా ఒక్క కాగితం రాశాడు. ఈసారి బుద్ధొచ్చింది కాబట్టి, అచ్చుకివ్వకముందే అది పట్టుకుని పక్కవాటా తలుపు కొట్టాడు.

చెల్లెలు తలుపు తీసింది గానీ రమ్మనలేదు. పీఠికగారు నోరు విప్పకుండా కాగితం అందించాడు. ఆ మనిషికి అదెంత కష్టమో చెప్పనక్కర్లేదు.

"మా చెల్లెలు అంట్లు తోముకుంటూ ఈ పాటలు పాడుకుంటుంది. గోడవతల పడుకుని నేను వింటుంటాను. ఇప్పుడు మీరూ వినండి," అని ఉంది అందులో.

ఆమె మళ్లీ మళ్లీ చదివింది.

"నీకు వినపడేదా?"

"ఆ గోడకేగా నా మంచం."

"నీ నిద్ర పాడవుతుందని గొంతు తగ్గించి పాడేదాన్ని."

"తెలుసు. అందుకే తల ఆ వైపు పెట్టి పడుకునేవాణ్ణి."

చెల్లెలు కళ్లు తుడుచుకుని కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"ఇదే వెయ్యి అన్నయ్యా. ఒక్క ముక్క కూడా చేర్చకు."

మళ్లీ అన్నయ్యా అంది. ఆయనకు అది చాలు.