మా నాన్న కొలిచిన లాంగ్‌జంప్

మొన్న ఖమ్మంలో మా మనవరాలి స్కూల్లో ఆటల పోటీలుంటే, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చేసేదేముందని నేనూ కొడుకు, కోడలి వెంట వెళ్లాను. షామియానా కింద నీడలో కుర్చీ వేసి, చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చి, ముసలివాళ్లకు చేయవలసిన మర్యాదలన్నీ చేశారు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, లాంగ్‌జంప్‌లో మా పిల్ల మూడోదిగా వచ్చిందని మైకులో చెప్పారో లేదో, ఆఫీసులో నెమ్మదస్తుడని పేరున్న నా కొడుకు లేచి ఇసుక గుంట దాకా పరుగెత్తి, టేపు బిగించి పట్టలేదంటూ పీఈటీ సారుతో పోట్లాటకు దిగాడు. వాణ్ని వెనక్కి పిలవాల్సింది పోయి నేను నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కోడలు నా వంక అదోలా చూసింది. ఇలాంటి గుంట పక్కనే నలభై అయిదేళ్ల కిందట నేను మా నాన్నతో ఇంతకంటే పెద్ద పేచీ పెట్టుకున్నానని పాపం ఆమెకేం తెలుసు.

మా నాన్న జూలూరుపాడులో దర్జీ. ఊరంతా ఆయన్ని సాయిబు అనే పిలిచేది, మేం పిల్లలం మాత్రం అబ్బా అనేవాళ్లం. చుట్టుపక్కల నాలుగైదు బడుల పిల్లల చొక్కాలూ లాగులూ ఆయన మిషను కింద నుంచి రావలసిందే. సాయంత్రం బడి వదలగానే నేను కొట్టుకు పోయి, ఆయన కొలత తీసి పైకి చెబుతుంటే నోటుబుక్కులో అంకెలు రాసుకునేదాన్ని. అయితే ఆయన చెప్పేది అసలు కొలత కాదు. పెరిగే పిల్లలు కదా, ఏడాది తిరక్కుండానే బట్టలు పొట్టివైపోతే తల్లిదండ్రులు ఎక్కడి నుంచి తెస్తారని, ప్రతి కొలతకూ ఓ ఇంచిన్నర కలిపి మరీ చెప్పేవాడు. దానికి వదులు అని పేరు. ఎన్నో ఏళ్లుగా అదే పని కావడంతో టేపు మీద చూపు పడగానే నోరు దానంతటదే ఇంచిన్నర కలిపేసేది. మా చెల్లెలికీ నాకూ మాత్రం మిగిలిన ముక్కలతో కుట్టేవాడు కాబట్టి మా బట్టల్లో వదులుకు గుడ్డ చాలేది కాదు, ఊపిరి గట్టిగా పీలిస్తే కుట్లు పిగిలేవి.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు లాంగ్‌జంప్ పిచ్చి పట్టింది. ఎంత పిచ్చి అంటే మురుగు కాలువ కనబడితే చాలు, పక్కన పలక వంతెన ఉన్నా సరే ఎగిరి దాటాల్సిందే. మా దాదీకి, అంటే నాన్నవాళ్ల అమ్మకు, ఇది బొత్తిగా గిట్టేది కాదు. ఈడొస్తున్న పిల్ల పదిమందిలో గెంతడమేమిటని రోజూ నస. చివరికి ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగి ఒక ఒప్పందం కుదిరింది. పొరుగూరి హైస్కూల్లో జరగబోయే పోటీల్లో నేను ఫస్టొచ్చి ఖమ్మం జిల్లా ఆటలకు ఎంపికైతే ఇక నన్నెవరూ ఆపకూడదు, రాకపోతే మాత్రం ఆ మర్నాటి నుంచి ఆటలు బంద్, మిషను దగ్గర కూర్చుని గుండీలు కుట్టుకోవాలి. పైగా సార్ల వెంట ఒంటరిగా పంపేది లేదని, నాన్న దగ్గరుండి తీసుకెళ్లి తీసుకురావాలని దాదీ షరతు.

పెళ్లివాళ్ల జాకెట్లు సగంలో ఉన్నా నాన్న కొట్టు మూసి బయల్దేరాడు. ఆ తొందరలో మెళ్లో టేపు తీయడం మరిచాడు, జేబులో నీలం సుద్దముక్క అలాగే ఉంది. ఆటల పోటీ అన్నది ఆయన అదే మొదటిసారి చూడటం. పరుగు పందెంలో తాను కుట్టిన లాగు ఏ పిల్లవాడి ఒంటి మీద కనబడినా, వాడు ఏ ఊరివాడైనా సరే, లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు. అలా ఒక పందెంలో నలుగురి కోసం ఒకేసారి కొట్టాల్సి వచ్చింది. ముఖ్య అతిథి ఉపన్యసిస్తున్నంతసేపూ ఆయన చొక్కా కాలరు ఒకవైపు జారిందని గొణుగుతూనే ఉన్నాడు.

లాంగ్‌జంప్ వంతు వచ్చేసరికి అసలు ముచ్చట మొదలైంది. సామాన్ల గదిలోంచి పొడుగాటి గుడ్డ టేపు తెచ్చి లాగితే, ఎలుకలు కొట్టిన చోట తెగి రెండు ముక్కలై చేతికొచ్చింది. సార్లందరూ ముఖముఖాలు చూసుకుంటుండగా పీఈటీ సారు కళ్లు మా నాన్న మెడ మీద పడ్డాయి. ఆయన టేపిచ్చాడు గానీ చేతిలోంచి వదల్లేదు. పనిముట్టు పరాయి చేతికివ్వడం అలవాటు లేదని తానే ఇసుక పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరవై ఇంచుల టేపు కావడంతో ఒక్కో దూకుడుకు మూడేసి సార్లు పరిచి, సుద్దతో గుర్తు పెట్టి, కొట్లో నాకు చెప్పినట్టే గొంతెత్తి అంకె చెప్పాడు. పీఈటీ సారు రాసుకున్నాడు. రెండో పిల్ల దూకేసరికి నాకు సంగతి అర్థమైపోయింది. మా నాన్న ఇసుకకు కూడా వదులు పెడుతున్నాడు!

అందరికీ సమానంగా కలుస్తోంది కాబట్టి ఎవరికీ నష్టం లేదని నేను నోరు మెదపలేదు. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే సన్నటి పిల్ల ఒకతె గాలిలో తేలినట్టు దూకింది. నాన్న నూట యాభై ఆరు అన్నాడు. చివరగా నేను దూకాను. లేచి చూస్తే నా మడమల గుర్తు ఆమె గుర్తు కంటే కాస్త ముందే ఉన్నట్టనిపించింది. నాన్న టేపు పరిచాడు, మళ్లీ పరిచాడు, మూడోసారి పరిచి కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా నూట యాభై అయిదు అన్నాడు. మైకులో ఆ హాస్టలు పిల్ల పేరు చదివేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పదిమందిలో ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా, "అందరికీ వదులు కలిపినవ్ కదా అబ్బా, నాకెందుకు కలపలే?" అని అరిచాను. పీఈటీ సారు రాస్తున్న కలం ఆపి, సంగతంతా అడిగి తెలుసుకుని నెత్తి పట్టుకున్నాడు.

"ఏంది సాయిబూ, దుంకుడు కొలిచినవా, అంగీలు కుట్టనీకి కొలతలు తీసినవా?"

"అవ్ సార్, పెరిగే పిల్లలు గదా, నోరు గట్ల అలవాటైంది" అని నాన్న తలొంచుకున్నాడు. అప్పటికే ఇసుక చదును చేసేశారు. పోనీ ఈ పిల్లకూ ఇంచిన్నర కలుపుదామా అని పీఈటీ సారు అడిగితే, నాన్నే చేతులు అడ్డంగా ఊపి వద్దన్నాడు. కొలిచినవాడు తండ్రి, కలిపేవాడూ తండ్రేనా అని రేపు ఊళ్లో అనరా అన్నాడు. అలా అర ఇంచు తేడాతో నిజంగా గెలిచిన దాన్ని, రెండోదాన్నయ్యాను.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏన్కూరు దాటాక ఆయన, నన్ను కాదు ముందు సీటును చూస్తూ, "అందరికి అలవాటుగ చెప్పిన బిడ్డా. నీ తాన్కి వచ్చేసరికి భయమైంది" అన్నాడు. ఆ క్షణాన నాకు ఆయన మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు. నా కళ్ల ముందు గుండీల డబ్బా తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

ఇంటి గడప మీదే దాదీ కూర్చుని ఉంది. ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా నాన్న, నా దూకుడుకు ఇంచిన్నర కలపనివ్వని మా నాన్న, ఫస్టొచ్చిందని చెప్పి గబగబా లోపలికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కున్నాడు.

అబద్ధం ఆడటం అలవాటు లేనివాడికి దాన్ని మోయడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది. ఫస్టొచ్చిన పిల్ల జిల్లా ఆటలకు పోవాలి కదా, దాదీ రోజూ ఎప్పుడని అడిగేది. చివరికి జిల్లా ఆటల రోజున నేను ఆటల బట్టలు వేసుకుని, ఆమె కట్టిచ్చిన రొట్టెల మూట పట్టుకుని, నాన్నతో ఖమ్మం బస్సెక్కాను. ఇద్దరం ఆటల మైదానంలో ఒక మూల కూర్చుని, ఆ హాస్టలు పిల్ల దూకితే చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాం. మమ్మల్ని గుర్తుపట్టి ఆమె దగ్గరికొచ్చి, ఎందుకొచ్చారని అడిగింది. నీ కోసమే వచ్చినం బిడ్డా అని నాన్న ఆమెకు రెండు రొట్టెలు పెట్టాడు. ఆయన ఆడిన రెండో అబద్ధం అదే అనుకోవాలి, కానీ ఆమె ముఖం చూశాక అది నిజమే అయిపోయింది.

అక్కడ గెలవలేదని చెబితే దాదీ నమ్మింది. ఒప్పందం ప్రకారం ఇక నన్ను ఆపలేదు, పదో తరగతి దాకా దూకాను. పైగా ఇంటికి ఎవరొచ్చినా నా మనవరాలు ఫస్టొచ్చిందని ఆమె చెప్పుకునేది. ఆ మాట వినబడినప్పుడల్లా నాన్న మిషను జోరు పెంచేవాడు, నేను దారం ఎక్కించే వంకతో తల వంచుకునేదాన్ని. లెక్క సరిగ్గా చూస్తే అది అబద్ధమే కాదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఆ ఏడాదంతా నమాజుకు అందరికంటే ముందు పోయి అందరికంటే చివర ఇంటికొచ్చేవాడు.

మొన్న పోట్లాట సద్దుమణిగి మేమింకా గేటు దాటకముందే సత్తుపల్లి నుంచి వియ్యపురాలు ఫోన్ చేసి, వీడియో చూశాను, పిల్ల మూడోదిగా వచ్చిందట కదా అని పరామర్శించింది. ఇంకెక్కడి అబద్ధం, ఇప్పుడు పిల్ల ఇసుకలోంచి లేచేలోపు చుట్టాలందరికీ తెలిసిపోతుంది. నా కొడుకు కూతురి కోసం పదిమందిలో గొంతు చించుకున్నాడు, అది మా నాన్నకు చేతకాలేదు, ఒప్పుకుంటాను. ఈ కాలం తండ్రులు పిల్లల వైపు నిలబడి నిజం రుజువు చేయడానికి చాలానే కష్టపడుతున్నారు. నా కోసం ఒక్క మాట తప్పు చెప్పి, దాన్ని కడదాకా మోసిన మా నాన్న కష్టం ముందు అది నాకెందుకో తక్కువగానే కనబడుతుంది.