యేసుదాసు వెతికిన నంబరు

బెల్లంపల్లిలో యేసుదాసు ఇల్లెక్కడంటే జనం కాస్త ఆలోచిస్తారు. 'ల్యాంప్ రూమ్ యేసుదాసు' అంటే మాత్రం గుమ్మం దాకా తీసుకెళ్లి మరీ చూపిస్తారు. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయి ల్యాంప్ రూమ్‌లో కూర్చుని, బాయి దిగేవాళ్ల తలదీపాల బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టిన మనిషి. అక్కడ ఒక్కో దీపానికి ఒక్కో నంబరు, ఒక్కో నంబరుకు ఒక్కో మనిషి. ఒకరి దీపం ఇంకొకరికి ఇచ్చారో, కొట్లాటే.

రిటైరయ్యాక, కూతురు మహిమ వాడుకుని వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ఆయన చేతికొచ్చింది. చర్చి సంఘంవాళ్లు వారానికో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటారు కదా, అక్కడికి దాన్ని మోసుకెళ్లి, పాటలు గారెలంత అక్షరాల్లో తెర మీద పెట్టేవాడు. చూపు మందగించి పాటల పుస్తకం మూసేసిన సమ్మక్క, ఎనభై ఏళ్ల మనిషి, ఆ తెర చూసే మళ్లీ చదువుకుంటూ పాడడం మొదలుపెట్టింది.

ఈ శుక్రవారం కూడిక ఆమె ఇంటి వాకిట్లోనే. అక్కడ ప్లగ్గు లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ చూస్తే ఒక్క చరణం దాటగానే చచ్చిపోతోంది. కొత్తది దొరక్కపోతే సమ్మక్క తన ఇంట్లో తానే నోరు మూసుకుని కూర్చోవాలి.

బుధవారం పొద్దున్నే యేసుదాసు బ్యాటరీ ఊడదీసి, దాని వెనకాల అన్నింటికన్నా పొడుగ్గా ఉన్న నంబరును కాగితం మీద రాసుకున్నాడు. బ్యాటరీని బీరువాలో పెట్టి తాళమేసి, తాళంచెవి గూట్లో పెట్టాడు.

"గది గూడ పట్కపోరాదు?" అంది భార్య రెబెకా.

"నంబరున్నంక బ్యాటరీ ఎందుకే? నేను దీపాలు మొఖం జూసి ఇచ్చిన్నా, నంబరు జూసి ఇచ్చిన్నా?"

"మా అన్నకైతే మొఖం జూసే మంచిది ఇచ్చినవ్ గద!"

మంచిర్యాలలో రెండు దుకాణాలవాళ్లు ఆ నంబరు చూసి తల అడ్డంగా ఊపారు. కరీంనగర్ బస్సెక్కాడు. అక్కడ బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణం నడిపే భానుప్రసాద్, బట్టతల గోక్కుంటూ నంబరు కొట్టి చూశాడు.

"ఏం జూపిస్తలేదు కాకా. ఏ మోడల్ గిది?"

"నల్లది."

"రంగు గాదే, మోడల్!"

"నంబరు ఇచ్చిన గద తమ్మీ. గా నంబరు బ్యాటరీ ఇయ్యి, పోత."

"గిది సీరియల్ నంబరు కాకా. గీ నంబరు బ్యాటరీ దునియా మొత్తంల ఒక్కటే ఉంటది."

"గదే గావాలె నాకు! యాడుంది?"

"మీ ఇంట్లుంది."

దుకాణంలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. యేసుదాసుకు నవ్వు రాలేదు. ఒక్కటే ఉండి, అదీ చచ్చిపోతే, దాని బదులు ఇంకేది ఇస్తారు?

భానుప్రసాద్ రెబెకాకు ఫోన్ చేసి, ఫోటో పంపమన్నాడు. మొదట ఆమె బొటనవేలు వచ్చింది, తర్వాత బీరువా వచ్చింది, మూడోసారికి బ్యాటరీ వచ్చింది. మూలన చీమ కాళ్లంత అక్షరాలు.

"గిదీ మోడల్ నంబరు, మనకు గావాల్సింది. గీ రకమైతే వేలకొద్ది ఉంటయ్."

"వేలా? మరి గన్నిట్ల నాదేదని ఎట్ల గుర్తువట్టాలె?"

"గుర్తువట్టుడెందుకు కాకా? గీ రకంల ఏది వెట్టినా పడ్తది. ఫికర్ జెయ్యకు."

తెచ్చి చేతిలో పెట్టాడు. డబ్బా మీద కంపెనీ పేరు కూడా వేరే! బస్సులో బెల్లంపల్లి దాకా యేసుదాసు దాన్ని తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు, ఎవరి దీపమో ఎత్తుకొచ్చినట్టు.

శుక్రవారం సాయంత్రం సమ్మక్క వాకిట్లో ల్యాప్‌టాప్ వెలిగింది. ఆమె తెరకు ముక్కు ఆనించి మూడు పాటలు ఒక్క మాట వదలకుండా పాడింది. యేసుదాసు మాత్రం పాడలేదు. తెర కింద మూలనున్న ఛార్జింగ్ అంకెనే చూస్తున్నాడు. మొదటి పాటకు నూరు, రెండో పాటకు నూరు, మూడోది అయిపోయినా నూరే!

"తగ్గుతలేదే," అన్నాడు రెబెకా చెవిలో.

"తగ్గకుంటే మంచిదే గద?"

"మంచిదో, అబద్ధమాడుతుందో ఎట్ల తెల్వాలె?"

"ఏం గుసగుసలయ్యా మొగడు పెండ్లాలు?" అంది సమ్మక్క. "ఇంకోటి వెట్టు బిడ్డా. గా ఏడు చరణాలది వెట్టు."

యేసుదాసు అంకె వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఏమీ తేలలేదు. ఏడు చరణాలదే పెట్టాడు.