కుడి తలుపు చప్పుడు

దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళను నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ వేళ చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, మీతో పాటు ఇంకెవరు చూశారు. మూడో ప్రశ్న దగ్గర చాలామంది మాట మారుస్తారు. హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఈ అనుభవం తరువాత కూడా లేదు. అందుకే ఇది గుర్తొస్తే నాకు ఒళ్ళు జలదరించదు, ఒళ్ళు మండుతుంది.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు మిర్యాలగూడలో ఒక ఆముదాల మిల్లులో యంత్రాలు చూసే పనిలో చేరాను. మిల్లుకు ఒక లారీ ఉంది. పెద్ద యుద్ధానికి సముద్రాలు దాటి వచ్చిన అమెరికా సైనికులు తిరిగి వెళుతూ మన దేశంలో వదిలేసిన బండ్లలో అదొకటి. మా సేటు డిస్పోజల్ వేలంలో కొన్నాడు. పది టైర్లు. తలుపు మీద రంగు గీకితే కింద తెల్ల నక్షత్రం కనిపించేది.

దాని స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. మన దగ్గర రోడ్డుకు ఎడమ పక్కనే నడపాలి. కాబట్టి ముందున్న ఎడ్లబండిని దాటాలంటే, ఎదురుగా ఏం వస్తోందో డ్రైవరుకు కనిపించదు. కుడి సీటులో ఒక మనిషి కూర్చుని తొంగిచూసి ‘పో’ అనో ‘ఆగు’ అనో చెప్పాలి. ఇలాంటి లారీలన్నిటికీ అదే పద్ధతి. మా డ్రైవరు సైదులు మాత్రం ఆ మనిషి తనకు అక్కర్లేదన్నాడు.

సైదులుది పెన్‌పహాడ్ పక్కన పల్లె. ముప్పై అయిదేళ్ళుంటాయి. దొర గడీలో వెట్టి చేయలేక యుద్ధం రోజుల్లో పారిపోయి, అస్సాంలో అమెరికా వాళ్ళ దగ్గర లారీ నేర్చుకున్నాడు. చేయి మంచిదే. చిక్కల్లా ఒకటే, ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోతాడు. సరుకు వేళకు చేరదు. ఎందుకు ఆగావని హమాలీలు అడిగితే, “తలుపు కొట్టిండు” అన్నాడట.

సేటు మా ఇద్దరినీ పిలిచాడు. “మూడు దినాలు వీని పక్కన కూసో. వీని దిమాఖ్ ఖరాబైందో, బండి ఖరాబైందో చెప్పు. దిమాఖే అయితే గా దినమే తీసేస్త.”

బయటికి వచ్చాక సైదులు చాలా నెమ్మదిగా అన్నాడు. “సారూ, ఊరిడిసి పోయిన దొర మల్లొచ్చిండు. ఈ పని పోతే నాకు గా గడీనే దిక్కు. జర సూసి చెప్పు.”

మొదటి రోజు మిర్యాలగూడ నుంచి కోదాడ, అక్కడి నుంచి సూర్యాపేట, మళ్ళీ వెనక్కి. పొద్దున్నే ఒక గడ్డి బండి అడ్డం వచ్చింది. నేను తొంగిచూసి “పోనియ్యి” అన్నాను. అదే క్షణంలో నా పక్క తలుపు మీద, బయటి నుంచి, ‘టక్’ మని ఒక్క దెబ్బ. సైదులు వేగం తగ్గించాడు. మలుపులోంచి రెండు బండ్లు ఎదురొచ్చాయి.

నేను నోటుబుక్కు తీశాను. సాయంత్రానికి లెక్క తేలింది. పదకొండుసార్లు ఒంటి దెబ్బ పడింది. ఆరుసార్లు ఎదురుగా ఏదో వచ్చింది. అయిదుసార్లు ఏమీ రాలేదు. నాణెం ఎగరేసినా ఇంతకన్నా తక్కువ ఉపయోగం ఉండదు. దీనికోసమా ఈ మనిషి ఉద్యోగం పోగొట్టుకుంటున్నాడు?

దారిలో అతని కథ రాబట్టాను. అస్సాం కొండల్లో ఒక అమెరికా సైనికుడు అతనికి లారీ నేర్పాడు. పాతికేళ్ళు కూడా ఉండవు, మొక్కజొన్న పండే ఊరివాడు. సైదులుకు ఇంగ్లీషు రాదు, ఆ కుర్రవాడికి ఇంకేదీ రాదు. అందుకని చేయి బయటపెట్టి తలుపు మీద కొట్టేవాడు. ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే పో. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎడతెగని వాన.

“ఆయన ఒక్కటి కొడితే ఎందుకని నేనెన్నడు అడగలే. అడిగినోళ్ళు లోయల పడ్డరు” అన్నాడు సైదులు.

“ఆయన అక్కడే చచ్చిపోయిండా?”

“సచ్చుడేంది సారూ! లడాయి ఖతమైనంక జహాజెక్కి వాళ్ళమ్మ కాడికి పోయిండు.”

“మరి ఆయన లారీ ఇదేనా?”

“కాదు. గది వేరే.”

“బతికున్న మనిషి దయ్యమెట్లయితడు సైదులన్నా?”

“దయ్యమని నేనన్ననా?”

ఇలాంటి మనిషితో ఏం వాదించగలం?

ఆ సాయంత్రమే తలుపు విప్పాను. మడతబందులు బిగించాను, గడియ చూశాను, అద్దం తిప్పే పిడి చూశాను, లోపలి రేకు కూడా ఊడదీశాను. అడుగున తుప్పుపట్టిన నట్టు ఒకటి దొరికింది. నాకు కలిగిన సంతోషం చెప్పలేను. దాన్ని తీసేసి లోపలంతా గోనెపట్టా కుక్కాను.

రెండో రోజు హుజూర్‌నగర్ చేరకముందే ‘టక్’.

ఏ చప్పుడైనా సైదులు ఆ దెబ్బే అనుకుంటున్నాడేమో చూద్దామని, అతను రోడ్డు మీద చూపు పెట్టినప్పుడు నేనే చేయి బయటపెట్టి రెండు కొట్టాను. అతను నవ్వాడు. “గది నువ్వు. ఆయన ఉంగరం చేత్తోని కొడ్తడు.” ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడని నేనూ రాసుకునే ఉన్నాను. నా చేతికి ఉంగరం లేదు.

ఇక విసిగిపోయి తలుపునే పీకేశాను. మూడో రోజు ఆ ఖాళీకి అడ్డంగా తాడు కట్టుకుని కూర్చున్నాను. దుమ్మంతా నా మొహానే. అయినా కోదాడ దాకా ఒక్క చప్పుడు లేదు. తప్పు తలుపుదే, సైదులు దిమాఖ్ భేషుగ్గా ఉందని సేటుకు చెప్పవచ్చు. ఆ ముక్క చెప్తే సైదులు, “గావొచ్చు సారూ” అన్నాడు. అతనికి అంత సంతోషమేమీ కలిగినట్టు లేదు.

కోదాడలో మిల్లు నుంచి కబురు ఉంది, సూర్యాపేట వద్దు, సరుకు ఎత్తుకుని వెనక్కి రమ్మని. చిలుకూరు దాటాక ఒక మిట్ట వచ్చింది. ముందు ఎడ్లబండ్ల వరుస. ఎండ మండుతోంది. నేను తాడు మీంచి వంగి చూశాను. మిట్ట పై దాకా రోడ్డు ఖాళీ.

“పోనియ్యి సైదులన్నా.”

‘టక్’.

రేకు మీద పడ్డ దెబ్బే. నా మోచేతికి జానెడు దూరంలో, తలుపు ఉండవలసిన చోట. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

సైదులు లారీ ఆపాడు. నేను కోపంగా దిగి మిట్ట ఎక్కాను. అవతల కనుచూపు మేర రోడ్డు. కుక్క కూడా లేదు. ఏదైనా వచ్చి ఉంటే నాకు అంత మండేది కాదు. వెనక్కి వస్తుంటే ఒక బండివాడు, “ఏందయ్యా, సడక్ కొలుస్తున్నవా?” అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు.

ఇంజన్ ఆపించాను. ఫుట్‌బోర్డు, మడ్‌గార్డు, పనిముట్ల పెట్టె, పైకప్పు అన్నీ చేత్తో కదిపి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఎడ్లబండ్లు మిట్ట దిగిపోయాయి. లారీలో ఏ కదలికా లేదు. నేను తలుపు లేని ఆ ఖాళీకి ఎదురుగా నిలబడి ఉన్నాను. నా ముఖం ముందే, తీరిగ్గా, ‘టక్ టక్’.

సైదులు లోపలి నుంచి అడిగాడు. “ఇన్నవా సారూ?”

నేను ఎక్కి కూర్చున్నాను.

మిల్లులో సేటు ఎదురుచూస్తున్నాడు. “ఏమైంది? దిమాఖా, బండా?” సైదులు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. దారంతా నేను అదే ఆలోచించాను. లారీలో ఏ లోపమూ దొరకలేదంటే సైదులుకు పిచ్చి. నేనూ విన్నానంటే ఇద్దరికీ పిచ్చి. కానీ లేని చప్పుడు ఉందని చెప్పడం ఎంత అబద్ధమో, విన్న చప్పుడు వినలేదనడం కూడా అంతే అబద్ధం.

“చప్పుడు వస్తుంది సేట్. నేను గూడ విన్నా. ఎందుకో నాకు తెలుస్తలేదు” అన్నాను.

సేటు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత కుర్చీలో వెనక్కి వాలాడు. “డిప్లొమా చేసినోనికే ఇనవడ్డదంటే ఇగ గది బండి ఖరాబే. సైదులూ, నువ్వు పోయి సరుకు దింపియ్యి. ఇంజినీర్ సాబ్, రిపేరు నీది.”

సైదులు నాకు దండం పెట్టాడు. నేను దండం పెట్టించుకునే స్థితిలో లేను.

తలుపు తిరిగి బిగించాను. ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఈ మధ్యలో ఆ క్యాబిన్‌ను రెండుసార్లు పూర్తిగా విప్పాను. నాకు తెలిసిన శాస్త్రంలో దీనికి సమాధానం లేదు. తెలియని శాస్త్రంలో ఉందేమో, తెలిసినవాళ్ళు చెప్పాలి. ఎక్కడో మొక్కజొన్న చేలో పని చేసుకుంటున్న ఆ మనిషికి ఈ సంగతే తెలిసి ఉండదు. సైదులు హాయిగా బండి నడుపుకుంటున్నాడు. సేటు మాత్రం ప్రతి శనివారం నన్ను ఆపి, “అయిందా రిపేరు?” అంటాడు.

“చూస్తున్నా సేట్” అంటాను.