పోలయ్య మామ మీద విసిరిన ఇసుక

దగ్గరగా వచ్చి కూర్చోండమ్మా, ఒక్క మాట చెబుతాను. మొన్న మా చర్చిలో అమ్మాయిలు ముసలివాళ్ల చెవులకు వినికిడి మిషన్లు పెడుతుంటే, మైపాడు ఒడ్డున పోలయ్య మామ గుర్తొచ్చాడు.

ఆయనకు పుట్టు చెవుడు. నాకు ఆరేళ్లప్పుడు ఓ పొద్దున, ఆయన సముద్రానికి వీపు పెట్టి నీళ్ల అంచున వల దులుపుతున్నాడు. మా అమ్మ దూరం నుంచే తడి ఇసుక ముద్ద తీసి ఆయన మీదికి విసిరింది. తగల్లేదు. మళ్లీ ఎత్తింది. ఈమె మా అమ్మేనా! రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కొట్టబాకమ్మా! పాపం, మామకు వినపడదు!"

"వినపడదనే కొడతా ఉండా! వదులే, పడవొస్తా ఉండాది!"

అప్పుడు చూశాను. అల మీద పడవ ఆయన వైపే దూసుకొస్తోంది. మా పక్కన చేపలు ఏరుతున్న రమణక్క విసిరిన ముద్ద ఆయన మెడకు తగిలింది. మామ తిరిగి చూసి పక్కకు దూకాడు. ఆయన నిలబడ్డ చోటనే పడవ ఇసుకను చీల్చుకుంటూ ఆగింది.

మామ మెడ తుడుచుకుంటూ రమణక్కకు దణ్ణం పెట్టి నవ్వాడు. అలా ఇసుక విసరడమే ఒడ్డున అందరూ ఆయన్ని పిలిచే పిలుపని నాకు అప్పటిదాకా తెలీదు. జాలిపడి అమ్మ చెయ్యి పట్టుకున్నాను గానీ, ఆ పూట రమణక్క లేకపోతే మామ ఉండేవాడే కాదు.

మీ ఇంటివాళ్ల వీపు కాసే కళ్లు చుట్టూ నాలుగిళ్లలో ఉండాలి తల్లీ. మీ ఇల్లు చల్లగా ఉండాలి.