పావు వంతు ఇసక

మా జ్ఞానప్రకాశంగారు ఏ పనీ ఒకేసారి చెయ్యరు. పావు వంతు చేస్తారు, ఆగుతారు, చుట్టూ చూస్తారు. ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాక ఇంకో పావు.

పెసరట్టు నాలుగు ముక్కలు చేసుకుని, ముక్కకీ ముక్కకీ మధ్య గేటుదాకా వెళ్ళొస్తారు. ఇంటికి రంగు ఏడాదికో గోడ. అందుకే కాకినాడలో ఆ ఇంటికి దారి చెప్పడం తేలిక: నాలుగు రంగుల ఇల్లెక్కడండీ అంటే చాలు. పేపరు కూడా పావులే. ఆటల పేజీ సాయంత్రానికి గానీ రాదు. క్రికెట్లో మనం ఓడిన సంగతి, ఊరంతా ఏడ్చి తేరుకున్నాక ఆయనకు తెలిసేది.

"పెళ్ళిచూపులకి నాలుగు ఆదివారాలు వచ్చారబ్బాయ్ ఈయన," అనేవారు వాళ్ళావిడ దీనమ్మగారు. "మూడో ఆదివారం దాకా నా పేరే అడగలేదు. ఈ కుర్రోడికి మాటలొచ్చా అని మా నాన్న పాస్టరుగారిని అడిగాడు."

"మరి నాలుగో ఆదివారం?"

"ఇష్టమేనన్నారు. ఈలోగా మావాళ్ళు వేరే సంబంధం మాట్లాడేస్తుంటే నేనే ఆపాను."

నేను దీనికి పూర్తిగా తిరగబడ్డ సరుకు. 2003లో బీఎస్సీ రెండో ఏడు ప్రాక్టికల్ మధ్యలో లేచి, రికార్డు బుక్కు బల్లమీదే వదిలేసి వచ్చేశాను. అంతే, చదువైపోయింది. మా నాన్న వీరాస్వామి ఎరువుల ఫ్యాక్టరీలో ఫోర్‌మాను. ఆయన అరిస్తే ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. పైగా ఆ ఏడే బీపీ అన్నారు డాక్టర్లు. ఈ సంగతి ఒక్కసారిగా వింటే ఆయనకేమవుతుందో అని భయం. అందుకని రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరి, పక్కవీధిలో తిరిగేవాణ్ణి.

నాలుగు రంగుల ఇల్లు ఆ వీధిలోనే. మొదటిరోజు జ్ఞానప్రకాశంగారు వరండాలోంచి నన్ను చూశారు. రెండోరోజు తలాడించారు. మూడోరోజు, "వీరాస్వామిగారబ్బాయి హరిబాబువి కదూ?" అన్నారు. ఆయనా నాన్నా పొద్దున్నే కలిసి వాకింగుకి వెళ్తారు, ఇక నాన్నకి తెలిసిపోయినట్టే అనుకున్నాను. కానీ కాలేజీ మాట ఎత్తలేదు. నాలుగోరోజు, "ఇసక మార్చాలి. ఓ చెయ్యి వేస్తావా?" అన్నారు.

హాల్లో అందరూ టీవీ పెట్టుకునేచోట ఆయనకు అయిదడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉండేది. హార్బరులో వలలకు చిక్కిన చారల చేపలు ఆరు, ఒక ఎండ్రకాయ. అడుగున తొమ్మిదేళ్ళ నాటి ఇసక, మాడిన ఉప్మా రంగులో.

"ఎంతసేపండీ? ఓ గంటలో తోడి పారేద్దాం," అన్నాను.

"పావు," అన్నారు. "మూడు వారాలాగి ఇంకో పావు."

"ఇసక్కి కూడానా అండీ!"

"అందులో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి హరిబాబూ. చేపల మురికి తినేది అవే. అన్నిట్నీ ఒకేసారి పారేస్తే ఆ మురికి ఎవరు తింటారు, నువ్వా?"

"నాకెందుకండీ!"

"కొత్త ఇసకలోకి అవి మెల్లగా పాకి రావాలి. వాటికి ఆటోలు లేవు."

మొదటి పావు నెమ్మదిగా తోడి, కడిగిన కొత్త ఇసక గొట్టంలోంచి అడుగుకు జార్చాం. రెండో పావునాడు ఆయన టీకి లోపలికి వెళ్ళారు. టీ ఆయనకు నాలుగు గుక్కలూ నాలుగు విరామాలూ. నేనాగలేక మగ్గు అడుగుదాకా దించి ఒక్క తోడు తోడాను. అడుగున ఏళ్ళుగా పేరుకున్న మురికి లేచి నీళ్ళు నల్లబడ్డాయి. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.

"అయ్యో, చంపేశాన్రా బాబూ!" అని అరిచాను.

జ్ఞానప్రకాశంగారు పరిగెత్తడం ఆ ఒక్కరోజే చూశాను. పక్కన పెట్టుకున్న మంచి సముద్రపు నీళ్ళ బకెట్లోకి ఆరింటినీ ఒక్క ఊపులో పట్టేశారు. బతికాయి.

కసిరింది మాత్రం విడతలవారీగానే. ఆవేళ, "నువ్వు..." అన్నారు. మర్నాడు, "ఒట్టి..." మూడోనాడు, "తొందర..." నాలుగోనాడు గానీ "...మనిషివి" అని పూర్తికాలేదు. అప్పటికి నాకు కోప్పడాలో నవ్వాలో తెలియలేదు. నవ్వేశాను.

సెప్టెంబరు చివర్లో నాలుగో పావు కూడా పడింది. తెల్లటి ఇసక మీద చేపలు ఏమీ జరగనట్టే తిరుగుతున్నాయి. అది చూశాక ఇక దాచబుద్ధి కాలేదు. ఇంటికెళ్ళి నాన్న ముందు నిలబడ్డాను.

"నాన్నా, నేను కాలేజీ మానేశాను."

ఎదురింటి కిటికీ వైపు చూశాను. తెరిచే ఉంది.

"తెలుసులే. కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందాం," అన్నాడు నాన్న.

"ఎలా తెలుసు?"

"ఎలా ఏంట్రా? జూలైలో జ్ఞానప్రకాశంగారు, 'మీవాడికి ఆ చదువు పడుతున్నట్టు లేదండీ' అన్నారు. ఆవేళ బీచి అంతా వినపడేట్టు అరిచాను. మూడు వారాలాగి, 'సరిగ్గా వెళ్ళడం లేదండీ' అన్నారు. అప్పుడూ అరిచాను, కాస్త తక్కువ. మళ్ళీ మూడు వారాలకి, 'అసలు వెళ్ళడం లేదండీ, మా ఇంట్లోనే ఉంటున్నాడు.' కూలబడి ఇన్ని మంచినీళ్ళు తాగాను."

"మరి నాలుగోసారి?"

"ఇవాళ పొద్దున. 'చేతులు మంచివండీ మీవాడివి, ఈ పనిలో నేర్పొచ్చింది' అన్నారు. ఇక అరవడానికి నాలో ఏం మిగిలింది నీ మొహం!"

ఆ సాయంత్రమే నాలుగు రంగుల ఇంటికి పరిగెత్తాను. ఆయన ఆటల పేజీలో ఉన్నారు.

"ఏమండీ, మీరు చేసిన మేలు నేను జన్మలో..."

"ఆగాగు," అని చెయ్యెత్తారు. "అంతా ఒకేసారి ఎందుకు? పావు చాలు. మిగతాది తర్వాత చూద్దాం."

ఇప్పుడు ఊళ్ళో అక్వేరియాలు బాగుచేసే పని నాదే. ఎవరైనా ఇసక మొత్తం ఓ గంటలో మార్చెయ్యమంటే, సూక్ష్మజీవులకి ఆటోలు లేవండీ అంటాను. ఆయనకు చెప్పాల్సిన కృతజ్ఞత ఆవేళ ఓ పావు చెప్పాను, నా పెళ్ళికి పిలిచినప్పుడు ఓ పావు. ఇప్పుడిలా రాస్తున్నది మూడోది. పేపరులో వేస్తే ఆయన సాయంత్రానికి చదువుతారు.

నాలుగోది అప్పుడే చెప్పను. తొందరేముంది?